మూడో గెలుపు దగ్గర ఆగింది!

మొదటి రెండు మ్యాచ్‌లూ మనవే. ఇంకొక్కటి గెలిస్తే ఆసియా క్రీడల బంగారం. ఆ ఒక్కటే రాలేదు. 2023 అక్టోబరు 1, ఆదివారం. చైనాలోని హాంగ్‌జౌలో భారత పురుషుల బ్యాడ్మింటన్ జట్టు వెండి పతకంతో సరిపెట్టుకుంది. గెలిచినవాళ్ల గురించి చాలానే రాశారు. బంగారానికీ వెండికీ మధ్య తేడా ఎక్కడుందో చూడాలంటే మాత్రం, జట్టు జాబితాలో పైపేర్లు వదిలేసి కింది పేర్ల దగ్గరికి రావాలి.

మైపాడు, తుమ్మలపెంట, తూపిలిపాళెం... నెల్లూరు తీరంలో ఏ ఊరికెళ్లినా మధ్యాహ్నం దాటితే గాలి సముద్రం మీంచి ఊరి మీదికి తిరుగుతుంది. ఎండకు మాడినవాళ్లకి ఆ గాలి వరం. షటిల్ ఆడదామని నెట్ కట్టుకున్న కుర్రాళ్లకి మాత్రం శాపం. పదహారు ఈకల కాక్ బరువెంతనుకున్నారు? అయిదున్నర గ్రాములు మించదు. గాలివాటున మెల్లగా తాకించినా గీత దాటి ఎక్కడో పడుతుంది. ఎదురుగాలికి ఎంత గట్టిగా కొట్టినా నెట్ దగ్గరే కూలబడుతుంది. పోనీ చలిగాలులు మొదలయ్యాక ఆడుకుందామా అంటే, ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు మీద పడేది అప్పుడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ అసలైన వానాకాలం.

మన ఊళ్లలో, హైస్కూలు మైదానాల్లో ఒకప్పుడు బ్యాడ్మింటన్ అంటే బాల్ బ్యాడ్మింటనే అవడానికి ఇదీ ఒక కారణం. ఈకల కాక్ బదులు పసుపు రంగు ఉన్ని బంతి. బరువు 27 నుంచి 30 గ్రాములు. మామూలు గాలికి చలించదు. పైకప్పు అక్కర్లేదు, చదును చేసిన మట్టినేల చాలు. తంజావూరు రాజకుటుంబం వేడుకగా ఆడుకున్న ఈ ఆట మద్రాసు రాష్ట్రమంతా పాకి తెలుగు జిల్లాల్లో బాగా వేళ్లూనుకుంది. వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య ఈ ఆటలోనే 1970లో అర్జున పురస్కారం అందుకున్నారు. నెట్‌కి ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఆ ఆట ఆడినవాళ్లెవర్ని అడిగినా ఒక మాట చెబుతారు... అయిదుగురిలో తడబడేవాడు ఎక్కడున్నాడో కనిపెట్టి బంతిని అక్కడికే పంపాలని.

షటిల్‌లో ఆ ఇబ్బంది లేదు. అది ఒంటరి ఆట, మహా అయితే జంట ఆట. ఎవరి గెలుపు వాళ్లది, ఎవరి ఓటమి వాళ్లది. కానీ ఏడాదిలో కొన్ని రోజులు ఆ ఆట కూడా అయిదుగురాట అయిపోతుంది. థామస్ కప్‌లో, ఆసియా క్రీడల టీమ్ ఈవెంట్‌లో!

అయిదు మ్యాచ్‌ల లెక్క

లెక్క చిన్నదే. రెండు దేశాల మధ్య అయిదు మ్యాచ్‌లు. మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ముందు మూడు గెలిచినవాళ్లది పైచేయి. ఎవర్ని ఎక్కడ ఆడించాలన్నది కోచ్ ఇష్టం కాదు. ప్రపంచ ర్యాంకింగ్ ప్రకారం పైవాడు మొదటి సింగిల్స్, తర్వాతివాడు రెండోది, ఆ తర్వాతివాడు మూడోది ఆడాలి. బలమైన ఆటగాణ్ని దాచిపెట్టి ఎదుటివాళ్ల మూడోవాడి మీదికి వదిలే ఎత్తుగడ చెల్లదు.

ఇందులో ఒక మెలిక ఉంది. పైవాడికి దెబ్బ తగిలితే ఆ ఒక్క స్థానమే ఖాళీ అవదు. రెండోవాడు ఒకటో స్థానానికి, మూడోవాడు రెండో స్థానానికి జరుగుతారు. అందరూ తమకంటే ఒక మెట్టు పైనున్నవాడితో తలపడాలి. చివర్లో, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న కుర్రాడు మూడో సింగిల్స్‌కి దిగాలి. హాంగ్‌జౌ కథంతా ఈ మెలికలోనే ఉంది.

మూడు కంచులు... ముప్ఫై ఏడేళ్లు

ఆసియా క్రీడల్లోకి బ్యాడ్మింటన్ 1962లో జకార్తాలో వచ్చింది. భారత పురుషుల జట్టు 1974లో టెహ్రాన్‌లో, 1982లో దిల్లీలో, 1986లో సియోల్‌లో కంచు పతకాలు తెచ్చింది. ప్రకాశ్ పదుకొనే, సయ్యద్ మోదీల కాలమది. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్లపాటు ఏమీ లేదు. 2014లో ఇంచియాన్‌లో అమ్మాయిల జట్టు కంచు తెచ్చింది గానీ అబ్బాయిల చెయ్యి ఖాళీయే. 2018లో జకార్తాలోనూ ఇండొనేషియా చేతిలో 1-3తో ఓడి ఇంటిదారి పట్టారు.

కామన్వెల్త్ క్రీడల దారి వేరు. అక్కడ మామూలుగా ఆడామగా కలిసిన జట్లు ఆడతాయి. 1998లో కౌలాలంపూర్‌లో మాత్రం పురుషులకు విడిగా టీమ్ ఈవెంట్ పెట్టారు. అప్పుడు బంగారం మలేషియాకి, వెండి భారత్‌కి. ఆ జట్టులో ఉన్నవాడే ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్. సింగిల్స్‌లోనూ కంచు తెచ్చుకున్నాడు. మూడేళ్లు తిరగకుండా ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ హైదరాబాద్ గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడన్నది తెలుగునాట అందరికీ తెలిసిన కథే.

ఆ అకాడమీలో చేరినవాళ్లలో ఇద్దరు కోస్తా కుర్రాళ్లు మనకిక్కడ ముఖ్యం. ఒకరు కిదాంబి శ్రీకాంత్. పుట్టింది రావులపాలెంలో, కుటుంబం స్థిరపడింది గుంటూరులో. రెండోవాడు అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. విచిత్రమేమిటంటే, శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడేవాడు. గోపీచందే సింగిల్స్‌కి మార్చాడు. ఆ మార్పు ఎంత పనికొచ్చిందో 2014 చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌కి బాగా తెలిసొచ్చింది. 2018 ఏప్రిల్‌లో శ్రీకాంత్ ప్రపంచ నంబర్‌వన్ కూడా అయ్యాడు. సాత్విక్ కథ దీనికి తలకిందులు. ఆరడుగుల పొడవు, భుజంలో బోలెడు బలం ఉన్న అతణ్ని మలేషియా కోచ్ తాన్ కిమ్ హెర్ ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జతకట్టాడు. ఆ రోజుల్లో మన దేశంలో డబుల్స్ అంటే సింగిల్స్‌లో పైకి రాలేనివాళ్ల ఆట అన్న చిన్నచూపు ఉండేది. ఆ చూపుని ఈ జంట మార్చింది. సాత్విక్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు అని 2023లో గిన్నిస్ లెక్కగట్టింది కూడా.

ఈ ఇద్దరూ ఉన్న జట్టే 2022 మే 15న బ్యాంకాక్‌లో ఇండొనేషియాని 3-0తో ఓడించి తొలిసారి థామస్ కప్ ఎత్తుకొచ్చింది. లక్ష్యసేన్, సాత్విక్-చిరాగ్, శ్రీకాంత్... నలుగురూ ముందే పని ముగించేశారు. ఫైనల్లో రెండో డబుల్స్ ఆడాల్సిన అవసరమే రాలేదు. కానీ ఆ పదిమంది జట్టులో కాకినాడ కుర్రాడు గరగ కృష్ణప్రసాద్, హైదరాబాదీ పంజాల విష్ణువర్ధన్ గౌడ్ ఉన్నారన్నది ఎంతమందికి గుర్తుంది? పదిమందిలో నలుగురు తెలుగువాళ్లు. సంబరాల్లో కనిపించింది ఎక్కువగా ఇద్దరే. బ్యాంకాక్‌లో క్వార్టర్స్, సెమీస్ రెండూ 3-2తోనే గట్టెక్కాయి. రెండుసార్లూ చివరి మ్యాచ్ గెలిచి ఒడ్డున పడేసింది హెచ్.ఎస్.ప్రణయ్. ఇక్కడ అతని పేరు గుర్తుపెట్టుకోవాలి.

కొరియాతో... ఆఖరి మ్యాచ్ దాకా

కొవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు క్వార్టర్స్‌లో నేపాల్‌ని 3-0తో తేలిగ్గానే దాటేశారు. అసలు పరీక్ష సెప్టెంబరు 30న సెమీస్‌లో, దక్షిణ కొరియాతో.

తొలి మ్యాచ్‌లో ప్రణయ్ మొదటి గేమ్ పోగొట్టుకుని కూడా జియోన్ హ్యోక్ జిన్‌ని 18-21, 21-16, 21-19తో ఓడించాడు. తర్వాత సాత్విక్-చిరాగ్. ఎదురుగా నెల రోజుల కిందటే ప్రపంచ చాంపియన్లయిన కాంగ్ మిన్ హ్యూక్-సియో సియుంగ్ జే. రెండో గేమ్‌ని 24-26 దాకా లాగినా ఓటమి తప్పలేదు. 1-1. లక్ష్యసేన్ వచ్చి 21-7, 21-9తో ఊడ్చేశాడు. 2-1. రెండో డబుల్స్‌లో అర్జున్-ధ్రువ్ కపిల రెండు గేముల్లోనే ఓడిపోయారు. 2-2.

అప్పుడు దిగాడు శ్రీకాంత్. ముప్ఫై ఏళ్లొచ్చాయి. నంబర్‌వన్ రోజులు వెళ్లిపోయి అయిదేళ్లయింది. ఇప్పుడు జట్టులో మూడో సింగిల్స్ ఆటగాడు. ఎదురుగా చో జియోన్ యోప్ అనే పెద్దగా పేరు లేని ఆటగాడు. పేరు లేనివాడితోనే భయమెక్కువ, ఓడితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు మరి. మొదటి గేమ్ 12-21తో పోయింది. శ్రీకాంత్ ఆటని దగ్గర్నుంచి చూసినవాళ్లకి తెలుసు... అతను గెలిచే రోజున అంత అందంగా గెలిచేవాళ్లు లేరు, ఓడే రోజున అంత తొందరగా ఓడేవాళ్లూ లేరు. ఆ రోజు మాత్రం తొందరపడలేదు. 21-16, 21-14. భారత జట్టు ఆసియా క్రీడల ఫైనల్లోకి వెళ్లడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం

తెల్లారేసరికి కబురొచ్చింది. ప్రణయ్‌కి వెన్నునొప్పి. ఆడలేడు.

మెలిక గుర్తుందిగా! ప్రణయ్ ఉంటే లక్ష్యసేన్ రెండోది, శ్రీకాంత్ మూడోది ఆడేవారు. లేడు కాబట్టి లక్ష్యసేన్ ఒకటికి, శ్రీకాంత్ రెండుకి జరిగారు. మూడో సింగిల్స్‌కి బెంగళూరు కుర్రాడు మిథున్ మంజునాథ్. రెండో డబుల్స్‌లోనూ జంట మారింది. ధ్రువ్ కపిల పక్కన అర్జున్ బదులు సాయి ప్రతీక్ వచ్చాడు. ఎదురుగా చైనా. వాళ్ల దేశం, వాళ్ల జనం.

అయినా ఆరంభం అదిరింది. లక్ష్యసేన్‌కి ప్రత్యర్థి 2018 ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చుకున్న షి యుకి. మొదటి గేమ్ 22-20. రెండోది 14-21. మూడోదాన్లో ర్యాలీ మీద ర్యాలీ... చివరికి 21-18తో మ్యాచ్ లక్ష్యసేన్‌ది. వెంటనే సాత్విక్-చిరాగ్ కోర్టులోకొచ్చి లియాంగ్ వీకెంగ్-వాంగ్ చాంగ్ జంటని 21-15, 21-18తో కొట్టేశారు. ముందురోజు ఓడిన జంట ఇదేనా అనిపించేలా ఆడారు. స్కోరు బోర్డు మీద భారత్ 2, చైనా 0. సొంత జనం ముందు చైనా అలా ఇరుకున పడటం అరుదు.

ఇంకొక్కటి. మూడు మ్యాచ్‌లు మిగిలున్నాయి, ఒక్కటి చాలు.

శ్రీకాంత్‌కి ఎదురైంది లి షిఫెంగ్. ఆ ఏడాది ఆల్ ఇంగ్లండ్ విజేత. మొదటి గేమ్ 20-20 దాటింది. 22-22 దగ్గర కూడా సమానమే. అక్కణ్నుంచి రెండు పాయింట్లు, రెండే పాయింట్లు, చైనా వైపు వెళ్లాయి. 22-24. ఆ గేమ్ శ్రీకాంత్‌కి దక్కి ఉంటే ఏం జరిగేదో ఊహించడం తేలికే గానీ, ఆట ఊహల్లో నడవదు. రెండో గేమ్‌లో 9-21. సెమీస్‌లో అయిదో మ్యాచ్ ఆడి గెలిచిన కాళ్లు మర్నాడు ఇంకా పెద్దవాడితో తలపడాల్సొచ్చింది. దీన్ని శ్రీకాంత్ తప్పనడం అన్యాయం.

నాలుగో మ్యాచ్ ఎంతోసేపు సాగలేదు. ధ్రువ్-సాయి ప్రతీక్ ముందు నిలబడ్డ లియు యుచెన్ టోక్యో ఒలింపిక్స్ డబుల్స్‌లో వెండి పతక విజేత. అతనూ ఔ జువానీ కలిసి 2022 చివర్లో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచారు. అంతటి జంట చైనాకి ఆ రోజు రెండో డబుల్స్! 6-21, 15-21. ఇక 2-2.

చివర మిథున్. వెంగ్ హాంగ్‌యాంగ్ చేతిలో 12-21, 4-21. పాపం, తొలిసారి అంత పెద్ద ఫైనల్లో, అదీ బంగారం ఎవరిదో తేల్చే మ్యాచ్‌లో దిగిన కుర్రాడి మీద వేలెత్తడానికి ఏముంది? ఈ వెంగ్ ఎవరో తెలిస్తే ఆ స్కోరు అంత వింతగా ఉండదు. ఆ ఏడాది మే నెలలో మలేషియా మాస్టర్స్ ఫైనల్లో ప్రణయ్ అతణ్ని ఓడించాడు. ఆగస్టులో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో అతనే ప్రణయ్‌ని ఓడించాడు. మన ఒకటో నంబరుతో సమానంగా తూగగలవాడు చైనాలో మూడో నంబరు. తేడా అక్కడుంది. పై మెట్ల మీద రెండు దేశాలూ సరిసమానం, చెప్పాలంటే ఆ రోజు పై మెట్ల మీద మనవాళ్లే మేలు. కిందికి దిగేకొద్దీ చైనా మెట్లు అలాగే ఉన్నాయి, మన మెట్లు అరిగిపోయాయి.

ఆ నాలుగోవాడు ఎక్కణ్నుంచి వస్తాడు?

థామస్ కప్ గెలిచాక, హాంగ్‌జౌ వెండి వచ్చాక... ప్రభుత్వాలు గానీ జనం గానీ ఆలోచించింది మరో శ్రీకాంత్, మరో సాత్విక్ ఎప్పుడొస్తారని. అది అకాడమీల పని. నాలుగో మ్యాచ్ గెలిపించే రెండో జంట మాత్రం ఎక్కువమంది ఆడితేనే పుడుతుంది, ఏ ఒక్క అకాడమీ వల్లో పుట్టదు.

ఆడేవాళ్లకి మన దగ్గర కొదవా? కావలి, నెల్లూరు, గూడూరు వంటి పట్నాల్లో గాలి తగలకుండా రేకుల షెడ్డు వేసి, కింద మ్యాట్ పరిచి, గంటల లెక్కన అద్దెకిచ్చే కోర్టులు వచ్చాయి. బ్యాంకు ఉద్యోగులు, మేష్టార్లు, రొయ్యల వ్యాపారులు తెల్లవారుజామునే చేరిపోతారు. అద్దె నలుగురూ పంచుకోవాలి కాబట్టి ఆడేదంతా డబుల్సే. రేకుల కింద ఎండ వేడికి కాక్ ఈకలు పెళుసుబారి పుటుక్కున విరుగుతాయి. అందుకే ముందురోజు రాత్రే డబ్బాకి ఆవిరి పట్టించి పెట్టుకునేవాళ్లూ ఉంటారు. వేడిలో కాక్ వేగం పెరుగుతుంది, అందుకని కాస్త నెమ్మదిగా వెళ్లే రకం ఏరుకుంటారు. ఇంత విద్య తెలిసినవాళ్ల ఆటంతా డబుల్సే. కానీ పిల్లాణ్ని కోచింగ్‌లో చేర్చేటప్పుడు మాత్రం ‘సింగిల్సే ఆడించండి సార్’ అంటారు. పేరొచ్చినా డబ్బొచ్చినా ఒక్కడికే రావాలన్న లెక్క. పిల్లాడు కాస్త బాగా ఆడుతున్నాడంటే విజయవాడో గుంటూరో హైదరాబాదో పంపేయాల్సిందే. డబుల్స్‌కి కావాల్సింది ఏళ్లతరబడి పక్కనే నిలబడి ఆడే జోడీ. పిల్లలు తలో ఊరూ పట్టిపోయాక జోడీ ఎక్కడ కుదురుతుంది?

టీమ్‌గా ఆడటం అలవాటు చేసే పోటీలు మనకి లేకపోలేదు. రాష్ట్రాల జట్ల మధ్య పురుషులకు రహీంతుల్లా కప్ ఎప్పటినుంచో ఉంది. అయినా అందులో ఎవరు గెలిచారని అడిగితే ఆట తెలిసినవాళ్లూ తడుముకుంటారు. మన పత్రికల్లో, టీవీల్లో దానికి దక్కే చోటు అగ్గిపెట్టెంత. వ్యక్తిగత టోర్నీలకే ర్యాంకింగ్ పాయింట్లు, స్పాన్సర్లు. ‘జట్టు కోసం నాలుగో మ్యాచ్ ఆడతాను’ అని కలగనే పిల్లాడు ఉంటాడా అంటే... ఆ కల అమ్ముడయ్యే సరుకు కాదు మరి.

అన్నట్టు, వెన్నునొప్పితో ఫైనల్ వదులుకున్న ప్రణయ్ ఊరికే కూర్చోలేదు. నడుముకి పట్టీ బిగించుకుని అదే వారం సింగిల్స్ ఆడాడు. క్వార్టర్స్‌లో మలేషియాకి చెందిన లీ జి జియాని 21-16, 21-23, 22-20తో ఓడించి కంచు పతకం ఖాయం చేసుకున్నాడు. పురుషుల సింగిల్స్‌లో 1982 తర్వాత అదే మొదటి పతకం. సెమీస్‌లో ఎదురైంది లి షిఫెంగే. అక్కడ ఓడాడు. అక్టోబరు 7న సాత్విక్-చిరాగ్ కొరియా జంటని 21-18, 21-16తో ఓడించి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి బంగారం తెచ్చారు. మూడు రోజుల తర్వాత ప్రపంచ నంబర్‌వన్ జంట కూడా అయ్యారు. అమలాపురంలో బాణసంచా మోగింది.

ఏడు నెలలు గడిచాయి. 2024 మేలో చెంగ్‌డూలో థామస్ కప్ నిలబెట్టుకోవడానికి మన జట్టు మళ్లీ చైనాకే వెళ్లింది. క్వార్టర్స్‌లో ఎదురైంది కూడా చైనాయే. షి యుకి చేతిలో ప్రణయ్, లియాంగ్-వాంగ్ చేతిలో సాత్విక్-చిరాగ్ ఓడిపోయారు. లక్ష్యసేన్ లి షిఫెంగ్‌ని ఓడించి ఆశ నిలిపాడు. ఇక నాలుగో మ్యాచ్, రెండో డబుల్స్. దిగింది ధ్రువ్ కపిల, సాయి ప్రతీక్. ఎదురుగా చైనావాళ్లు ఈసారి వేరే జంటని దించారు... హీ జిటింగ్, రెన్ షియాంగ్యూ. మన జంట ఓడింది. 1-3. అయిదో మ్యాచ్ ఆడాల్సిన అవసరం రాలేదు.